మాటకు ముందు వినికిడి

1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతాలకు ఉద్యోగులతోపాటు నలుమూలల భాషలూ తరలివచ్చినవి. అక్కడి ఒక ఇంటిని ఊహించుకొనండి. తల్లిది తెలుగు, తండ్రిది తమిళం. బిడ్డను చూచుకొనే ఆయాది హిందీ. రెండేండ్లు నిండినా బిడ్డకు మాటలు రాలేదు. "ఇన్ని భాషలు చెవిని పడితే తికమకపడదూ?" అంటారు ఇరుగుపొరుగువారు. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమేనమ్మా" అని నాయనమ్మ ధైర్యం చెపుతుంది. బిడ్డకు అసలు వినబడుతున్నదా అనే ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు.

వినికిడి పుట్టుకకు ముందే మొదలవుతుంది. గర్భంలో ఆరవ నెల నాటికే లోపలి చెవి పనిచేయసాగుతుంది. అందుచేతనే అప్పుడే పుట్టిన శిశువు తల్లి గొంతును గుర్తుపట్టగలదు. వెర్కర్, టీస్ అనే శాస్త్రజ్ఞులు కెనడాలో ఇంగ్లీషు ఇండ్ల పసిపిల్లలకు హిందీలోని త, ట ధ్వనులను వినిపించి, ఫలితాలను 1984లో ప్రకటించారు. ఆరు, ఎనిమిది నెలల మధ్య పిల్లలు ఆ భేదాన్ని పసిగట్టారు. ఆ ధ్వనులు ఇంట వినబడనందున, ఏడాది నిండేసరికి వారిలో చాలమందికి ఆ నేర్పు తగ్గిపోయినది. మన "కోత"కూ "కోట"కూ గల తేడా అటువంటిదే. మాటకు పునాది మొదటి ఏటనే పడుతుందన్నమాట.

కనుక భాషలు పెక్కు అయినంతమాత్రాన చేటు లేదు; ధ్వని అందకపోవడమే చేటు. పుట్టుచెవుడు గల శిశువు సైతం తొలి నెలలలో ఉంగా అంటుంది. కొందరు పిల్లలు తలుపు చప్పుడుకు తిరిగి చూస్తారు గాని, స, త వంటి సన్నని ధ్వనులను వినలేరు. కర్ణభేరి వెనుక నీరు చేరిన బిడ్డకు, చెవులలో వేళ్లు పెట్టుకొన్నట్లు, మాటలు మసకగా వినబడుతవి. చప్పట్లు కొట్టి చూడడం పరీక్ష కాదు.

శబ్దానికి బదులుగా లోపలి చెవి తానే సన్నని ప్రతిధ్వనిని పంపుతుందని 1978లో డేవిడ్ కెంప్ వెల్లడించాడు. నేడు నిద్రించే శిశువు చెవిలో చిన్న సాధనం ఉంచి, ఆ ప్రతిధ్వనిని కొద్ది నిమిషాలలో పరీక్షిస్తారు. మొదటి నెలలోగా పరీక్ష, మూడవ నెలలోగా నిర్ధారణ, ఆరవ నెలలోగా చికిత్స, ఇదీ నిపుణులు చెప్పే క్రమం. ఆ గడువు దాటినవారు నిరాశ చెందక, వెంటనే వెళ్లవలెను. కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉన్నది. ఒకప్పటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు అలీ యావర్ జంగ్ పేర ముంబయిలో నెలకొన్న జాతీయ సంస్థకు సికిందరాబాదులో ప్రాంతీయ కేంద్రం కలదు.

చెవి బాగున్నా మాట ఆలస్యం కావడానికి ఇతర కారణాలు ఉండవచ్చును. అయినా మొదటి మెట్టు చెవి పరీక్షయే.

ఇంకొక్క మాట. 2003లో పెట్రీషియా కూల్ బృందం ప్రకటించిన పరిశోధనలో, అమెరికాలోని తొమ్మిది నెలల పిల్లలు ఎదుట కూర్చొని ఆడించిన మనుషుల నుండి చైనా భాషా ధ్వనులను నేర్చుకొన్నారు. అవే మాటలను తెరపై చూపినా, కేవలం శబ్దంగా వినిపించినా వారికి పట్టుబడలేదు. కాబట్టి ఈ రేడియో గొంతు మీ కొరకే గాని, మీ పసిబిడ్డ కొరకు కాదు. ప్రసంగం ముగిసినది, ఇక బిడ్డను ఒడిలోకి తీసుకొని, మీ భాషలో మీరే మాట్లాడండి.