సుడిగాలి జోస్యము

అమెరికా నడుమనున్న ఓక్లహోమా, కాన్సాస్ రాష్ట్రములలో గోధుమ పొలములు కనుచూపుమేర చదునుగా పరచుకొని యుండును. వసంతమున మెక్సికో సింధుశాఖ నుండి తేమగల వెచ్చని గాలి అచటికి ప్రాకివచ్చును. దానిపై పడమటి కొండలమీదుగా పొడిగాలి వీచును. ఎత్తునకు పోయినకొలది గాలి వేగమును దిశయును మారుచున్నచో, పైకెగయు ఉరుముమేఘము బొంగరమువలె తిరుగనారంభించును. టోర్నడో యను భయంకరమైన సుడిగాలి సాధారణముగా ఇట్టి మేఘమునుండియే నేలకు దిగును. మన తీరపు తుపానును దినముల ముందే కనిపెట్టవచ్చును. ఇది నిమిషములలో పుట్టి అణగును.

1925 మార్చి 18న మూడు రాష్ట్రములను చీల్చుకొనిపోయిన సుడిగాలికి 695 మంది బలియైరి. వారికి ముందుగా చెప్పినవారు లేరు. జనులు బెదరుదురని ఆనాటి వాతావరణశాఖ తన సూచనలలో 'టోర్నడో' అను మాటనే రానీయలేదు. రోగము పేరు దాచినంత రోగము పోవునా?

1948 మార్చి 20న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరమును సుడిగాలి కొట్టెను. అచటి అధికారులు ఫాబుష్, మిల్లర్ పాత వాతావరణ పటములను తిరుగవేసి పోలికలు పట్టిరి. 25వ తేదీన పటము మరల అట్లే కనబడెను. అయిదు దినములలో అదేచోట రెండవసారి యనిన నలుగురు నవ్వరా? అయినను ప్రకటించిరి, విమానములను భద్రపరచిరి. సాయంకాలమున సుడిగాలి వచ్చెను. ఆ మాట వాడవచ్చునని 1950లో వాతావరణశాఖ తెలియజేసెను.

నేడు డాప్లర్ రాడారులున్నను, హెచ్చరికలలో సగమునకు పైగా వట్టిపోవుచున్నవి. మూడుమార్లు నేలమాళిగలోనికి దిగి ఊరకే వెలికివచ్చిన రైతు నాల్గవమారు దిగునా యనునదే చిక్కు. భూమి గుండ్రన గనుక దూరము పోయినకొలది రాడారు కిరణము నేలకు ఎత్తుగా సాగును. అడుగున జరుగునది దానికి కానరాదు. అందుచే స్వచ్ఛంద సేవకులు పొలముల బాటలలో నిలిచి, మేఘపుటడుగును కనిపెట్టి వార్త నందింతురు. రాత్రివేళ వారికి మెరుపు వెలుగే ఆధారము.