అసలు లేని నకళ్ళు

 

స్నాతకోత్సవ వేదిక మీద మహనీయుల మాటలు తలచుకోవడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక జపాన్ యానిమే సీరియల్ గురించి మాట్లాడతాను. ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు చూసే ఉంటారు. పెద్దలు కాసేపు ఓపిక పట్టాలి.

దాని పేరు ‘ఘోస్ట్ ఇన్ ది షెల్: స్టాండ్ అలోన్ కాంప్లెక్స్’. మసమునె షిరో గీసిన మాంగా ఆధారంగా కెంజి కమియామా దర్శకత్వంలో ప్రొడక్షన్ ఐ.జి. సంస్థ తీసింది. 2002లో జపాన్‌లో ప్రసారం మొదలైంది. కథాకాలం 2030. అప్పటికి జనం తమ మెదళ్ళనే నెట్‌వర్క్‌కు కలిపేసుకుని ఉంటారు. ఉగ్రవాదాన్నీ సైబర్ నేరాలనూ ఎదుర్కొనే పోలీసు దళం పేరు సెక్షన్ 9. దాని అధిపతి అరమాకి. రంగంలో దళాన్ని నడిపేది మేజర్ మోతోకో కుసనాగి.

వాళ్ళ ముందుకొచ్చిన పెద్ద కేసు ‘నవ్వే మనిషి’ది. కథ ప్రకారం 2024లో ఒక యువకుడు ఒక వైద్య సాంకేతిక కంపెనీ అధిపతిని తుపాకీతో బెదిరించి టీవీ కెమెరాల ముందుకు లాక్కొస్తాడు. నిజం చెప్పమని నిలదీస్తాడు. ఒక ప్రాణాంతక వ్యాధికి పనిచేసే టీకాను పక్కకు నెట్టి, లాభాలిచ్చే మరో చికిత్సను జనానికి అంటగట్టారన్నది ఆ నిజం. చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళల్లో, కెమెరాల్లో తన ముఖం బదులు నవ్వుతున్న బొమ్మ కనిపించేలా అతను అప్పటికప్పుడు హ్యాక్ చేస్తాడు. అంతమంది చూశారు, ఒక్కరికీ ముఖం తెలియదు. అసలు ముఖం చూసినవాళ్ళు ఇద్దరే. మెదడుకు ఏ నెట్‌వర్కూ లేని, ఇల్లూ వాకిలీ లేని ఇద్దరు మనుషులు.

ఆరేళ్ళ తర్వాత ఇంకా విచిత్రం జరుగుతుంది. ఒకరికొకరు పరిచయం లేనివాళ్ళు, ఏ నాయకుడూ పిలవకుండానే, ఎవరికి వారు ‘నేనే నవ్వే మనిషిని’ అంటూ దాడులకు దిగుతారు. ప్రతివాడూ తన సొంత నిర్ణయమే అనుకుంటాడు. తీరా చూస్తే, మొదటి యువకుడు కూడా నెట్‌లో ఎవరో రాసిన బెదిరింపు లేఖ చదివి కదిలినవాడే. నిప్పు లేనిదే పొగ రాదంటాం. ఇక్కడ ఊరంతా పొగ, నిప్పు జాడ లేదు. అసలు లేని నకళ్ళు!

ఇది కార్టూన్ కథే అని తేలిగ్గా తీసుకోకండి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన వాట్సాప్‌లలో పుకార్లు చెలరేగాయి. వాటిని నమ్మి జనం కొట్టిన దెబ్బలకు అమాయకులు చచ్చిపోయారు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఊళ్ళ కాపలా తమ సొంత ఆలోచనే అని ప్రతి గుంపూ అనుకుంది. అదే సమయంలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళను ఊరూరికీ పంపారు. డప్పులతో, పాటలతో, ముఖాముఖి మాటలతో పుకారును విడమర్చి చెప్పించారు. ఆమె పరిధిలోని 400కు పైగా గ్రామాల్లో ఒక్క ప్రాణమూ పోలేదు.

మళ్ళీ ఆ సీరియల్‌కే వస్తే, సెక్షన్ 9లో తోగుసా అనే డిటెక్టివ్ ఉంటాడు. దళంలో ఒంట్లో యంత్ర భాగాలు చాలా తక్కువ ఉన్నవాడు, ఆలుబిడ్డలున్నవాడు. చనిపోయిన స్నేహితుడు వదిలిన కొన్ని ఫొటోలు అతని చేతికొస్తాయి. ఫొటోలో ఏముందన్నదానితో ఆగకుండా, దాన్ని ఎవరు, ఎక్కణ్ణుంచి తీశారని అడుగుతాడు. అవి కెమెరాతో తీసినవి కావు, పోలీసుల కళ్ళల్లోనే రహస్యంగా అమర్చిన నిఘా పరికరాల నుంచి వచ్చినవి. ఆ ఒక్క ప్రశ్నతో కేసు మలుపు తిరుగుతుంది.

తాచికోమాలనే చిన్న యుద్ధ యంత్రాలూ ఉంటాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఒకదాని అనుభవం అన్నిటికీ చేరేలా జ్ఞాపకాలు కలబోసుకుంటాయి. అయినా ప్రశ్నలు వేసుకుంటూ, వాదించుకుంటూ దేనికది వేరైపోతుంది. చివరికి ఎవరూ చెప్పకుండానే, బాతో అనే తమ సహచరుణ్ణి కాపాడటానికి వచ్చి ప్రాణాలిచ్చేస్తాయి. స్వతంత్రులమనుకున్న మనుషులు నకళ్ళయ్యారు. నకళ్ళుగా పుట్టిన యంత్రాలు ఎవరికి వారయ్యాయి. నేను ఈ కథ చెప్పింది ఇందుకే.

మీ అందరిదీ ఒకే సిలబస్. రేపు మీలో కొందరు కోడ్ రాస్తారు, కొందరు మందులు పరీక్షిస్తారు, కొందరు ఫైళ్ళ మీద సంతకాలు చేస్తారు. ఏ సందేశం ఎందరికి చేరాలో, ఏ టీకా ఎవరికి అందాలో నిర్ణయించే కుర్చీల్లో మీరే ఉంటారు. ఏదైనా ముందుకు పంపే ముందు, సంతకం పెట్టే ముందు తోగుసా ప్రశ్న ఒక్కసారి వేసుకోండి: ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? పదిమంది కోపంతో ఊగిపోతున్నప్పుడు ఆ కోపం మీదేనా, అరువు తెచ్చుకున్నదా అని చూసుకోండి. గొర్రెదాటుకు పట్టా అక్కర్లేదు. ఆగి, విచారించి, అవసరమైతే ఒంటరిగా ‘కాదు’ అనడానికే మీకు ఇన్నేళ్ళు చదువు చెప్పారు. ఆ చదువుకు న్యాయం చేయండి.