పెద్ద గబ్బిలము



పక్షులలో చేర్చుదమన్న దానికి ఈకలు లేవు. మృగములలో చేర్చుదమన్న రెక్కలున్నవి. నిజమునకు గబ్బిలము పిల్లకు పాలిచ్చు జంతువే. లోకము ఏవగించుకొన్న ఈ ప్రాణినే గుఱ్ఱం జాషువ మహాకవి 1941లో తన కావ్యమునకు దూతగా గైకొనెను.

నేను చెప్పునది ఇంటి చూరులలో దూరు చిన్న గబ్బిలము కాదు. పండ్లు తిను పెద్దది. రెక్కలు చాచిన నాలుగడుగుల పైచిలుకుండును. పాకిస్థాను మొదలు భారతదేశము, నేపాళము, బంగ్లాదేశము, బర్మా, సింహళము వఱకు దీని ఉనికి. ఇది గుహలను కోరదు. మఱ్ఱి, రావి, చింత వంటి మహావృక్షములకు గుంపులుగా తలక్రిందై వ్రేలాడును. ఏడాదికి సాధారణముగా ఒకటే పిల్ల.

1931లో నిజాంసాగరము పూర్తియైన పిదప మా చందూరు, బోధను సీమకు చెఱకు వచ్చినది. బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను, చెరువులు నిలిచియున్నవి. గబ్బిలమునకు కావలసినది చెఱకు కాదు. నీరును, పెద్దచెట్టును ఒక్కచోట నుండవలెను. ఎండ ముదిరినపుడు అది నీట ఱొమ్ము తడిపికొని ఆ తడిని నాకును. 42 డిగ్రీలు మించిన వడగాడ్పులో నీడయు నీరును కఱవైనచో గుంపులుగా రాలి చచ్చును. బాట వెడల్పుకై గట్టుమీది మఱ్ఱిని నఱకి మొక్క నాటితిమందురు. ఆ నీడ మన మనుమల కాలమునకుగాని రాదు.

అది చేయు మేలో? పండు నమిలి రసము మ్రింగి పిప్పి ఉమియును. విత్తులను దవ్వుల వెదజల్లును. బూరుగుపూల పుప్పొడిని చెట్టునుండి చెట్టునకు చేర్చును. అయినను 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము దీనిని కాకులతో, ఎలుకలతో కలిపి హానికర జంతువుల పట్టికలో చేర్చెను. 2022 నాటి సవరణతో ఆ పట్టికయే తొలగినది.

2018లో కేరళమున నిపా జ్వరము పుట్టినప్పటినుండి జనులకు దీనిపై భయము హెచ్చినది. ఆ భయము నిష్కారణమనను. బంగ్లాదేశమున గబ్బిలములు నాకిన పచ్చి ఈతరసము త్రాగినవారికి ఆ వ్యాధి సోకినది. కావున గీతవృత్తివారు లొట్టి మూతిని తడికతో కప్పవలెను. గబ్బిలము కొఱికిన పండు తినరాదు. క్రిందబడినదానిని చేత ముట్టరాదు. ఇవి ఉపాయములు. చెట్టు నఱకుట ఉపాయము కాదు; చెదరిన గుంపు మఱియొక యూరి చెట్టెక్కును, భయమును దానితోడనే పోవును.

గ్రామపెద్దలు గట్టుమీది చెట్లను కాపాడుదురు గాక. పగటిపూట వానిపై రాళ్లు రువ్వరాదని పంతుళ్లు పిల్లలకు బోధింతురు గాక. అంతకుమించి ఆ మూగజీవులు మనలనడుగునది లేదు.