తనిఖీకి వెళ్లినవాళ్ల చరిత్ర



అమెరికాలో రైతు ఉద్యమపు ఒమాహా ప్రణాళిక, రైలు కార్మికుల పుల్‌మన్ సమ్మె, గుత్తసంస్థల మీది షెర్మన్ చట్టం గురించి ఈ సభకు నేను కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. నిన్నటి గోష్ఠుల్లో వాటి చర్చ నిండుగా జరిగింది. అయితే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఇన్నేళ్లుగా నేను పోరుతున్నది వాళ్ల కోసమే. చట్టం వచ్చిందంటే సంస్కరణ జరిగిపోయినట్టే రాసేస్తున్నాం. చట్టం చేశాక ఆ పనిగదుల్లోకి వెళ్లి చూసిందెవరు?

1893లో ఇల్లినాయ్ శాసనసభ 14 ఏళ్లలోపు పిల్లలను కర్మాగారాల్లో పెట్టుకోకూడదంది. ఆడవాళ్ల పనిని రోజుకు 8 గంటలకు కట్టడి చేసింది. గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ అమలు బాధ్యతను షికాగోలోని సేవాకేంద్రం హల్ హౌస్‌లో ఉంటున్న ఫ్లోరెన్స్ కెల్లీకి అప్పగించాడు. ఆమె కింద ఒక సహాయకురాలు, పదిమంది డిప్యూటీలు. ఆ పదిమందిలో అయిదుగురు స్త్రీలే కావాలని చట్టంలోనే రాసి ఉంది. సహాయకురాలు ఆల్జీనా స్టీవెన్స్ చిన్నతనంలోనే నూలుమిల్లులో వేలు పోగొట్టుకున్న మనిషి. మిల్లంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1894లో షికాగోలో మశూచి రేగినప్పుడు వీళ్లు అద్దె ఇళ్ల మెట్లెక్కారు. రోగి ఉన్న ఇంట్లోనే బజారుకు పోయే బట్టలు కుడుతున్నారని ప్రత్యేక నివేదిక రాశారు. ప్రాసిక్యూటర్ కేసులు నడపకపోతే కెల్లీ తానే న్యాయశాస్త్రం చదివి పట్టా పుచ్చుకుంది.

మా విద్యార్థి దశలో ఈ సంస్కరణల యుగమంటే అధ్యక్షులు రూజ్‌వెల్ట్, విల్సన్‌లే. కెల్లీ పేరు నాకు మొదట ఎదురైంది ఒక పుస్తకంలో పుట అడుగున, సన్నని అక్షరాల్లో. ఇప్పుడూ మన యువ పరిశోధకుల చేతికి ముందుగా చరిత్రకారుడు హోఫ్‌స్టాటరే అందుతున్నాడు. హోదా జారిపోతోందన్న బెంగే మధ్యతరగతిని సంస్కరణ వైపు నడిపిందన్నాడాయన. స్టీవెన్స్‌కు ఏ హోదా పోయిందట? నియంత్రణను పెద్ద వ్యాపారులే తమ మేలుకు మలచుకున్నారన్న చరిత్రకారుడు కోల్కో వాదనకు బలం లేకపోలేదు. 1906 మాంసం తనిఖీ చట్టంలో పెద్ద ప్యాకర్ల ఎగుమతి ప్రయోజనం ఉంది. కానీ నియంత్రణ ఎక్కడ కనిపించినా అది పెట్టుబడిదారుల పన్నాగమేనని కొట్టేసే మిత్రులు ఇక్కడే ముందు వరసలో ఉన్నారు. ఇల్లినాయ్ తయారీదారుల సంఘం 8 గంటల నిబంధనను కూలదోయడానికే పుట్టిందన్న సంగతి వాళ్ల పత్రాల్లో కనపడదేం? 1895లో రిట్చీ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది కూడా.

1897లో కొత్త గవర్నర్ కెల్లీని తప్పించాడు. పిల్లల చేత పనిచేయిస్తోందని ఆమె పోరాడిన ఆల్టన్ గాజు కంపెనీలో ఏళ్ల తరబడి జీతం తీసుకున్న వ్యక్తినే ఆమె కుర్చీలో కూర్చోబెట్టాడు. చట్టంలో పిల్లల వయసు నిబంధన అలాగే ఉంది; మారింది అమలు చేసే మనిషే. కెల్లీ నాలుగు వార్షిక నివేదికల పక్కన ఆ తర్వాతి ఏళ్లవి పెట్టి, ఎక్కడ కేసు పెట్టారో, ఎక్కడ వదిలేశారో ఊరూరా, కంపెనీ కంపెనీకీ పోల్చి చూసిన పరిశోధన మన సభల్లో ఇంతవరకు నేను వినలేదు. వచ్చే సభకు దాని మీద ఒక్క పత్రమైనా రావాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. చేసే యువకులెవరైనా ఉంటే, నా దగ్గరున్న నకళ్లన్నీ వారికి ఇస్తాను.