ఫిక్సీలో వింత సౌండ్లా? ముందు లెక్కపెట్టండి

ఇవాళ్టి టాపిక్ చిన్నదే, కానీ ప్రాణం మీదికి తెచ్చే రకం. ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నాది ఫిక్సీ. రోజూ మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి ఆఫీసుకి దాని మీదే వెళ్తా. వెనక కొత్త కాగ్ వేయించి పది రోజులైంది. తొక్కుతుంటే ఏ సౌండూ లేదు. సిగ్నల్ దగ్గర స్లో చేద్దామని పెడల్‌ని వెనక్కి అదిమితే మాత్రం ఒక్కసారి 'టక్' అంటుంది. షాపులో చైన్‌కి ఆయిల్ కొట్టి, ఏం కాదులే పో అన్నారు."

తమ్ముడూ, ఈ వీడియో పూర్తయ్యేదాకా ఆ సైకిల్ ఎక్కకు.

ఫిక్సీ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మామూలు సైకిల్ తొక్కడం ఆపినా చక్రం దాని మానాన అది తిరుగుతుంది. ఫిక్సీలో ఫ్రీవీల్ ఉండదు. వెనక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్స్ తిరగాల్సిందే. పెడల్‌ని వెనక్కి అదిమితే బండి నెమ్మదిస్తుంది. అంటే బండిని నడిపేదీ, ఆపేదీ అదే చైను, అదే కాగ్.

అందుకే మనకి సౌండ్ పట్టుకోవడం కొంచెం తిప్పలు. మామూలు సైకిల్‌కి మెకానిక్ చేసే మొదటి టెస్ట్ ఏంటి? తొక్కడం ఆపు, సౌండ్ ఆగిందా లేదా. మనం ఆపలేం కదా! కాబట్టి లెక్కపెట్టాలి.

ముందు 48 పళ్ళు, వెనక 16 పళ్ళు అనుకోండి. పెడల్ ఒక రౌండ్ తిరిగితే చక్రం మూడు రౌండ్లు తిరుగుతుంది. పెడల్ రౌండ్‌కి ఒక్క టిక్ వస్తే పెడల్, క్రాంక్, బాటమ్ బ్రాకెట్, చైన్‌రింగ్ బోల్టులు చూడండి. మూడు వస్తే చక్రాలు: లూజు స్పోక్, రిమ్‌కి కొట్టుకుంటున్న వాల్వ్, టైర్లో ఇరుక్కున్న రాయి. చైన్లో 100 లింకులుంటే, అది మొత్తం ఒక చుట్టు తిరగడానికి పెడల్ రెండు రౌండ్ల కంటే కాస్త ఎక్కువ తిరగాలి. టిక్ అంత గ్యాప్‌లో వస్తోందంటే ఎక్కడో ఒక లింక్ బిగుసుకుపోయినట్టు.

ట్రాఫిక్‌లో ఈ లెక్క కుదరదు. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద, ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి జేబులో వేసుకోండి. కుడికాలు కిందికొచ్చిన ప్రతిసారీ "ఒకటి" అని గట్టిగా అనండి. చూసేవాళ్ళు ఏదో అనుకుంటారు, అనుకోనివ్వండి. ఇంటికొచ్చి వింటే లెక్క తేలిపోతుంది.

ఇంకోటి. సీటు మీంచి లేచి తొక్కితే సౌండ్ మాయమైందా? అయితే సీటో సీట్‌పోస్టో. గ్రీజు ఎండిపోయిన సీట్‌పోస్ట్ కిర్రుకిర్రుమంటుంటే పాపం బాటమ్ బ్రాకెట్ మార్పించేసేవాళ్ళున్నారు. డబ్బులు దండగ.

ఇప్పుడు తమ్ముడి 'టక్'. వెనక్కి అదిమినప్పుడే వస్తోంది కాబట్టి నేను మూడు చోట్ల చూస్తా. చైన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఆడాలి. అంతకంటే ఎక్కువ ఆడితే, అదిమినప్పుడు ఆ లూజంతా కింది నుంచి పైకి మారి దబ్బుమంటుంది. 15 నంబర్ స్పానర్‌తో నట్లు వదులు చేసి చక్రాన్ని వెనక్కి లాగి బిగించడమే. మరీ బిగించేస్తే గరగర మొదలై బేరింగులు తింటుంది. రెండోది క్రాంక్. రెండు చేతులతో పట్టుకుని పక్కలకి ఊపండి, కదిలితే బిగించండి. లూజు క్రాంక్‌తో తొక్కితే దాని బెజ్జం అరిగిపోయి ఇక ఎప్పటికీ బిగుసుకోదు.

ఈ రెండూ బాగుంటే మూడోది, నాకు భయం వేసేది: కాగ్.

కాగ్ హబ్ మీదకి మరలా ఎక్కుతుంది. ముందుకి తొక్కేకొద్దీ బిగుస్తుంది, వెనక్కి అదిమితే ఊడాలని చూస్తుంది. ఊడకుండా దాని బయట లాక్‌రింగ్ ఉంటుంది. దాని మర ఉల్టా, ఎడమకి తిప్పితే బిగుస్తుంది. కాగ్ ఊడబోతే లాక్‌రింగ్‌ని కూడా బిగిసే వైపే లాగుతుంది. మంచి డిజైన్. కానీ కొత్త కాగ్ వేసినప్పుడు చేత్తో ఎంత బిగించినా, మీరు ఒక ఫ్లైఓవర్ ఎక్కేసరికి అది ఇంకాస్త లోపలికి వెళ్తుంది. లాక్‌రింగ్ ఉన్నచోటే ఉంటుంది. మధ్యలో వెంట్రుకవాసి గ్యాప్. ఇక అదిమిన ప్రతిసారీ కాగ్ వెనక్కి తిరిగి లాక్‌రింగ్‌ని కొడుతుంది. ఆ 'టక్' ఇదే కావచ్చు. దీనికి ఆయిల్ ఏం చేస్తుంది? రోజూ ముందుకీ వెనక్కీ ఆడుతుంటే హబ్ మరలు అరిగి, ఒకరోజు సిగ్నల్ దగ్గర అదిమితే కాళ్ళు వెనక్కి తిరుగుతాయి, చక్రం మాత్రం ముందుకే పోతుంది.

టెస్ట్ చాలా ఈజీ. మార్కర్‌తో హబ్, కాగ్, లాక్‌రింగ్ మూడింటి మీదుగా ఒకే గీత గీయండి. ముందు బ్రేక్ పట్టుకుని, నిలబడ్డచోటే పెడల్‌ని ముందుకీ వెనక్కీ గట్టిగా అదమండి. గీత తెగిందంటే దొరికినట్టే.

అప్పుడు రెండూ విప్పి మరలు చూడండి. బాగుంటే గ్రీజు పెట్టి, చైన్ విప్‌తో కాగ్‌ని గట్టిగా బిగించి, లాక్‌రింగ్ వేయండి. ముందు బ్రేక్ మీద ఆధారపడుతూ ఒక ఎత్తు ఎక్కి వచ్చి, హుక్ స్పానర్‌తో లాక్‌రింగ్‌ని మళ్ళీ బిగించండి. ఈ రెండోసారి బిగించడమే చాలా షాపుల్లో చేయరు. కస్టమర్ వెళ్ళిపోతాడు కదా. అలవాటులో కుడికి తిప్పకండి, ఊడుతుంది. మరల్లోంచి మెరిసే లోహప్పొట్టు రాలితే మాత్రం ఆ హబ్ పని అయిపోయినట్టే. గమ్ పోసి బిగిస్తే చాలంటారు కొందరు, నేను ఒప్పుకోను. లాక్‌రింగ్‌కి వేరే మెట్టు లేని మామూలు ఫ్రీవీల్ హబ్ మీద కాగ్ బిగించి ఫిక్సీ అనేవాళ్ళకీ ఇదే మాట.

ముందు బ్రేక్ లేకుండా సిటీలో ఫిక్సీ నడిపేవాళ్ళకి ఈ ఛానెల్‌లో సపోర్ట్ లేదు, సారీ. అలాగే స్టాండ్ వేసి చక్రం తిప్పుతూ గుడ్డతో చైన్ తుడవకండి. గుడ్డ చిక్కుకుంటే ఇక్కడ చైన్ ఆగదు, చక్రం తిరిగినంతసేపూ లాగుతూనే ఉంటుంది, వేళ్ళు పోతాయి. ఆపి, కొంచెం కొంచెం జరుపుతూ తుడవండి.

తమ్ముడూ, గీత గీసి ఫోటో పెట్టు, చూస్తా. మిగతావాళ్ళు మీ సౌండ్ పెడల్ రౌండ్‌కి ఎన్నిసార్లు వస్తుందో, ముందు వెనక పళ్ళు ఎన్నో కింద రాయండి. ఉత్త "సౌండ్ వస్తోంది అన్నా" అంటే నేనేం చెప్పగలను!