సీజన్ ముందు లెక్క: పదకొండు మంది సరే, పన్నెండోవాడు ఎవరు?

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకు ఇది రాత రూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడ చిన్న మార్పులు చేశాం.)

జహీరాబాద్ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చాను. వెనకాల గ్రౌండ్ కనబడుతోంది కదా, రాత్రి వాన పడింది. మన ఎర్ర మట్టి సంగతి మీకు తెలిసిందే, బూటుకు అంటితే వదలదు. అందుకే ఇవాళ ప్రాక్టీస్ గంట ఆలస్యం. ఈ గంటలో మీతో మాట్లాడదామని కూర్చున్నాను.

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "సార్, ఈసారి టీమ్‌లో ఎవరెవరు? గోల్‌కీపర్ ఎవరు?" అని. ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ దగ్గర పడుతోంది. అక్కడ బాగా ఆడినవాళ్లకే ఉస్మానియా యూనివర్సిటీ టీమ్ సెలెక్షన్‌కి దారి, అక్కడి నుంచి సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీకి. మన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. అందుకే ఇవాళ మూడు స్థానాల గురించి మాట్లాడతాను. ఆ తర్వాత బెంచ్ గురించి. నిజానికి నేను చెప్పాలనుకున్నది బెంచ్ గురించే.

ముందు ఒక లెక్క చూద్దాం. నేను 18 మందిని తీసుకుంటాను. గోల్‌కీపర్లు 2, డిఫెండర్లు 6, మిడ్‌ఫీల్డర్లు 6, ఫార్వర్డ్‌లు 4. ఇప్పటి రూల్ ప్రకారం పెద్ద పోటీల్లో 5 సబ్‌స్టిట్యూషన్లు చేసుకోవచ్చు. కానీ ఆట నడుస్తుండగా మూడుసార్లే ఆపి మార్చాలి, హాఫ్ టైమ్ దానికి అదనం. అంటే ఆడే 11 మందిలో దాదాపు సగం మందిని మార్చే వీలుంది. మరి ఆ సగం మంది దగ్గర సరుకుందా లేదా అన్నదే ప్రశ్న.

అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్లు అక్కడి కాలేజ్ ఫుట్‌బాల్ గురించి చెబుతుంటారు. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, మనది కాదు. అక్కడ సీజన్ ముందు ప్రతి స్థానానికి ఒకటో పేరు, రెండో పేరు, మూడో పేరు రాసి ఒక పట్టిక తయారు చేస్తారు. డెప్త్ చార్ట్ అంటారు. ఊళ్లకు ఊళ్లు దాని గురించే మాట్లాడుకుంటాయి. 2025 నుంచి అక్కడి పెద్ద కాలేజీల టీమ్‌కి 105 మంది దాకా పరిమితి. మనకి 18 మంది దొరకడమే గొప్ప. అందులో ఇద్దరికి బ్యాక్‌లాగ్ పరీక్షలు, ఒకరికి అటెండెన్స్ తక్కువ. థర్డ్ ఇయర్ వాళ్లు వెళ్లిపోతారు. ఫస్ట్ ఇయర్ వాళ్లు దోస్త్ అడ్మిషన్లు అయిపోయాకే వస్తారు. అప్పటిదాకా ఎవరు వస్తారో మనకీ తెలియదు. కాబట్టి 105 మంది ఉన్నవాళ్ల కన్నా మనకే ఈ పట్టిక ఎక్కువ అవసరం.

సరే, మొదటి స్థానం గోల్‌కీపర్.

ఇద్దరున్నారు. పేర్లు వద్దు, మన గ్రౌండ్‌కి వచ్చేవాళ్లకు ఎలాగూ తెలుసు. ఒకడు థర్డ్ ఇయర్. పొడుగు. గీత మీద నిలబడితే వాడిని దాటించడం కష్టం. ఇంకొకడు సెకండ్ ఇయర్. నాలుగు వేళ్లు పొట్టి, కానీ నోరు ఆగదు. ముందుకొచ్చి బంతి అందుకుంటాడు, ముందున్న నలుగురినీ నడిపిస్తాడు.

మన టీమ్‌లో ఒకడు తెలుగులో అరుస్తాడు, ఒకడు ఉర్దూలో, బీదర్ వైపు నుంచి వచ్చే పిల్లాడు కన్నడలో. పోయినేడు ఒక మ్యాచ్‌లో "ఛోడ్" అని ఒకడంటే, ఇంకొకడికి అర్థం కాక బంతి మీదికి ఉరికాడు. ఇద్దరూ గుద్దుకున్నారు, గోల్ పడింది. ఈసారి నాలుగు మాటలు ఖాయం చేశాం. అందరూ అవే అరవాలి. ఆ నాలుగు మాటలు అలవాటు చేసింది ఆ పొట్టి పిల్లాడే. మూడు వారాల ప్రాక్టీస్ మ్యాచ్‌లు రాసుకుని చూశాను. వాడు వెనకుంటే మన గోల్ మీదికి వచ్చే షాట్లే తగ్గుతున్నాయి. అందుకని మొదటి పేరు వాడిదే.

పొడుగు పిల్లాడికి ఇది ఆఖరి సంవత్సరం. ఈ వీడియో పెట్టకముందే ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నేనెందుకు సార్?" అన్నాడు. ఆ ప్రశ్నకు కోచ్ దగ్గర జవాబు ఉండాలి. నేను చెప్పిన జవాబు ఇది. మనది నాకౌట్ పోటీ. మ్యాచ్ పెనాల్టీల దాకా పోతే గీత మీద నిలబడేవాడే కావాలి. 2014 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్‌లో నెదర్లాండ్స్ ఏం చేసింది? కోస్టారికా మీద ఆట 120వ నిమిషానికి వచ్చాక మొదటి కీపర్‌ని తీసేసి టిమ్ క్రూల్‌ని దింపింది. అతను రెండు పెనాల్టీలు ఆపాడు, టీమ్ సెమీస్‌కి పోయింది. అందుకే మన టీమ్‌లో ఒక మార్పు ఆఖరి నిమిషం దాకా దాచి పెడతాం, అది నీదే అని చెప్పాను. ఇప్పుడు రోజూ ప్రాక్టీస్ అయ్యాక 20 పెనాల్టీలు వాడి మీద కొట్టిస్తున్నాం.

రెండోది లెఫ్ట్ బ్యాక్.

ఎడమ కాలితో ఆడేవాళ్లు ఎక్కడైనా తక్కువే. మన దగ్గర ఒక్కడున్నాడు. క్రాస్ బాగా వేస్తాడు కానీ పరుగు నిదానం. ఇంకొకడు కుడి కాలి వాడు, చిరుతలా ఉరుకుతాడు. కానీ ఎడమ వైపు ఆడినప్పుడు ప్రతిసారీ బంతిని కుడి కాలి మీదికి మార్చుకోవాలి, దాంతో ఆట లోపలికి వచ్చేస్తుంది. గీత పక్కన మనకి మనిషి ఉండడు. ఇది ఇంకా తేలలేదు. ఆదివారం ప్రాక్టీస్ మ్యాచ్‌లో చెరొక హాఫ్ ఆడతారు. అవతలి వైపు మన టీమ్‌లో అందరికన్నా స్పీడ్‌గా ఆడే వింగర్‌ని పెడుతున్నాను. ఇద్దరికీ ఒకే పరీక్ష. ఎవరొచ్చినా రెండోవాడు ఖాళీగా ఉండడు. మనం గెలుస్తుంటే ఆఖరి 20 నిమిషాలు ఉరికేవాడు కావాలి, ఓడుతుంటే క్రాస్ వేసేవాడు కావాలి.

మూడోది కొంచెం బాధ పెట్టిన విషయం. సెంటర్ ఫార్వర్డ్.

పోయినేడు ఎక్కువ గోల్స్ కొట్టిన పిల్లాడు మనతోనే ఉన్నాడు. ఈ ఏడు ఫస్ట్ ఇయర్‌లో ఒకడు వచ్చాడు. మొదటి వారంలోనే తెలిసిపోయింది, వాడు వేరే లెవెల్. అటు వెనక్కి చూస్తే స్టాపర్ స్థానంలో మనకి ఇద్దరే ఉన్నారు. ఒకడికి రెడ్ కార్డ్ పడ్డా, మడమ తిరిగినా మూడోవాడు లేడు. మన పాత ఫార్వర్డ్ ఎత్తు మనిషి, తల బాగా వాడతాడు. "ప్రాక్టీస్‌లో వారానికి రెండు రోజులు స్టాపర్‌గా ఆడరా" అన్నాను. వాడి మొహం మాడిపోయింది. "గోల్స్ కొట్టినోణ్ని వెనక్కి తోస్తున్నరా సార్?" అన్నాడు.

అప్పుడు నేను వాడికి రహీం సాబ్ ముచ్చట చెప్పాను. మీకూ చెబుతాను.

సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ మనిషి. ఉస్మానియాలో చదివాడు, ఆడాడు, బడిపంతులుగా పనిచేశాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్‌గా ఉండి 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిపించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానానికి తీసుకుపోయాడు. "మైదాన్" సినిమా ఆయన మీదే వచ్చింది.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. రెండో మ్యాచ్ థాయ్‌లాండ్ మీద గెలిచాం కానీ, డిఫెన్స్‌కి ఉక్కు గోడ లాంటి జర్నైల్ సింగ్‌కి తల పగిలింది, కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే ఇంటికి పంపేవారు. రహీం సాబ్ ఏం చేశాడంటే, సెమీఫైనల్‌లో అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు! ఎందుకంటే జర్నైల్ చదువుకునే రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడాడని ఆయనకు తెలుసు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌ది. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ అదే కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో గోల్డ్ మనకి వచ్చింది. ఆ టీమ్‌లో మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నాడు, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి ఇంకో గోల్డ్ రాలేదు.

ఇక్కడ జర్నైల్ ధైర్యం గురించి అందరూ మాట్లాడతారు. నేను ఇంకో మాట అంటాను. అతను ముందుకు పోతే వెనక గోడ ఎవరు కట్టాలి? అరుణ్ ఘోష్ లాంటివాళ్లు ఆ పని చేశారు. వాళ్లు సిద్ధంగా లేకపోతే జర్నైల్‌ని కదిలించే ధైర్యం కోచ్‌కి వచ్చేది కాదు. వరల్డ్ కప్‌లోకి సబ్‌స్టిట్యూట్లు వచ్చిందే 1970లో. ఆ కాలంలో డెప్త్ అంటే బెంచ్ మీద కూర్చున్నవాళ్లు కాదు, ఉన్నవాళ్లకే రెండో పని తెలిసి ఉండటం. మన 18 మందిలో కనీసం ఆరుగురికి రెండు స్థానాలు రావాలని నేను పట్టుబట్టేది అందుకే.

పిల్లాడు విన్నాడు. వెంటనే ఒప్పుకున్నాడని చెప్పను. రెండు రోజులు రాలేదు. మూడో రోజు శుక్రవారం, నమాజ్ అయ్యాక ప్రాక్టీస్ పెట్టాం, వచ్చాడు. స్టాపర్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నేనూ ఏం అడగలేదు.

వాడు రాని ఆ రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఒకసారి దెబ్బ తిన్నాను.

కొన్నేళ్ల కిందటి మాట. అప్పుడూ లెఫ్ట్ బ్యాక్‌కి ఇద్దరు. ఒకడిని ఆడించాను. రెండోవాడితో "నీ టైమ్ వస్తది రా" అన్నాను. అంతే, ఇంకేం చెప్పలేదు. వాడు రోజూ చెరకు చేల మీదుగా సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడు. నాలుగు మ్యాచ్‌లు బెంచ్ మీద కూర్చున్నాడు. ప్రాక్టీస్‌లో కూడా వాడిని నేను సరిగా చూడలేదు. ఒకరోజు రాలేదు. తర్వాత మానేశాడు. నేనూ కబురు పెట్టలేదు. చలికాలం, చెరకు నరికే రోజులు, ఇంట్లో పని ఉండి ఉంటుందిలే అనుకున్నాను.

క్వార్టర్ ఫైనల్‌లో మొదటివాడికి తొడ కండరం పట్టేసింది, హాఫ్ టైమ్ కూడా కాలేదు. ఆ స్థానంలో ఆడటం తెలిసినవాడు బెంచ్ మీద లేడు. ఒక మిడ్‌ఫీల్డర్‌ని పెట్టాను. అవతలివాళ్లు అది చూసి బంతి మొత్తం అటే పంపారు. గోల్ అటు నుంచే పడింది. 1-0తో ఇంటికొచ్చాం. వారం తర్వాత ఆ పిల్లాడు రోడ్డు మీద కలిశాడు, చెరకు ట్రాక్టర్ మీద కూర్చుని ఉన్నాడు. "ఎందుకు మానేశావురా?" అంటే, "నాకు చోటు లేదనుకున్న సార్" అన్నాడు. కోపం కూడా లేదు ఆ మాటలో. ఆ మ్యాచ్ ఓడిపోయింది మొదటివాడి తొడ వల్ల అని ఊరంతా అనుకుంది. కారణం నేనని నాకు తెలుసు.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మీలో ఎవరైనా టీమ్ నడుపుతుంటే, ఫుట్‌బాల్ అయినా కబడ్డీ అయినా వాలీబాల్ అయినా, ఇది చేసి చూడండి.

ఒకటి. ప్రతి స్థానానికి రెండు పేర్లు రాసి గోడకు అంటించండి. దాచకండి. దాస్తే పిల్లలు వాళ్లకు తోచిన కారణాలు కట్టుకుంటారు. ఎవరి ఊరు, ఎవరి చుట్టం, ఎవరి కులం అన్నదాకా పోతుంది.

రెండు. రెండో పేరు పక్కన ఒక పని రాయండి. పెనాల్టీలకు నువ్వు. ఆఖరి 20 నిమిషాలకు నువ్వు. స్టాపర్‌కి దెబ్బ తగిలితే నువ్వు. "టైమ్ వస్తది" అని మాత్రం రాయకండి.

మూడు. ప్రాక్టీస్‌లో ఎప్పుడూ మొదటి పదకొండు మందిని ఒకవైపే ఆడించకండి. కలిపి ఆడించండి. లేకపోతే రెండోవాడు మొదటివాడి పక్కన నిలబడటం మ్యాచ్ రోజే మొదటిసారి అవుతుంది.

నాలుగు. బెంచ్ మీది పిల్లాడు రెండు రోజులు రాకపోతే ఫోన్ చేయండి. ఆ పని కెప్టెన్‌కి అప్పజెప్పకండి, మీరే చేయండి.

తల్లిదండ్రులు కూడా చూస్తున్నారు కాబట్టి ఒక మాట. "మా వాడిని ఎందుకు ఆడించట్లేదు?" అని అడగడానికి రండి, తప్పు లేదు. గోడ మీద పట్టిక ఉంటుంది, పక్కన కారణం ఉంటుంది. నా లెక్క తప్పనిపిస్తే నాతోనే చెప్పండి. ఇంటికి పోయి పిల్లాడిని మాత్రం తిట్టకండి.

ఆదివారం సాయంత్రం ప్రాక్టీస్ మ్యాచ్‌కి రండి. లెఫ్ట్ బ్యాక్ సంగతి మీ కళ్ల ముందే తేలుతుంది. వాన పడితే సోమవారం. ఎవరు గెలిచారో వచ్చే ఎపిసోడ్‌లో చెబుతాను, ఓడినవాడికి ఏ పని ఇచ్చానో కూడా చెబుతాను. మీ కాలేజీల్లో ఇలాంటి ముచ్చట్లు ఉంటే కామెంట్‌లో రాయండి. వీడియో నచ్చితే ఒక లైక్ కొట్టండి, బెంచ్ మీద కూర్చునే మీ తమ్ముడికో దోస్త్‌కో పంపండి.

గ్రౌండ్ ఆరింది, పిల్లలు పిలుస్తున్నారు. ఉంటాను మరి. నమస్తే, ఖుదా హాఫిజ్.