ఖమ్మం దీక్ష - ఎవరి జ్ఞాపకం నిజం?

(స్టాన్‌మోర్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నవంబర్ 29 దగ్గర పడిందంటే మనలో మనకు పాత తగాదా మొదలైతది. రెండు పక్షాల వాళ్లూ ఈ హాల్లోనే ఉన్నారు కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడతాను.

2009 నవంబర్ 29న దీక్ష కోసం సిద్దిపేట బయల్దేరిన కేసీఆర్ గారిని కరీంనగర్ దగ్గర అరెస్టు చేసి ఖమ్మం జైలుకు పంపారు. మర్నాడే పండ్లరసం తాగి దీక్ష విరమించారని టీవీల్లో వచ్చింది. ఉస్మానియా విద్యార్థులు భగ్గుమన్నారు, ఆయన దిష్టిబొమ్మలే తగలబెట్టారు. దీక్ష కొనసాగుతుందని ఆయన ప్రకటించారు. తర్వాత నిమ్స్‌కు తరలించారు. డిసెంబర్ 9 రాత్రి చిదంబరం ప్రకటన వచ్చింది.

ఇంతవరకు పేచీ లేదు. ఆ గ్లాసు దగ్గరే పేచీ అంతా. బలవంతంగా తాగించారు, దీక్ష ఆగనే లేదంటారు పార్టీ వాళ్లు. ఆగింది, మేమే మళ్లీ కూర్చోబెట్టినం అంటారు ఆనాటి విద్యార్థులు. తెలంగాణ సోనియమ్మ ఇచ్చింది, డిసెంబర్ 9 ఆమె పుట్టినరోజు అంటారు కాంగ్రెస్ వాళ్లు. 2024లో సచివాలయంలో తెలంగాణ తల్లి విగ్రహాన్ని ఆవిష్కరించింది కూడా ఆ తేదీనే.

ఐర్లండ్ వాళ్లదీ ఇదే గొడవ. 1981లో మేజ్ జైల్లో బాబీ శాండ్స్ 66 రోజులు తిండి మానేసి చనిపోయాడు. మొత్తం పదిమంది పోయారు, ఏడుగురు ఐఆర్ఏ, ముగ్గురు ఐఎన్ఎల్ఏ. నలుగురు పోయాక ప్రభుత్వం నుంచి వచ్చిన ప్రతిపాదనకు జైల్లో మేం ఒప్పుకున్నాం, బయటి నాయకత్వమే కాదంది అని, లోపల ఉన్న రిచర్డ్ ఓరావే 2005లో పుస్తకం రాశాడు. అబద్ధమని తోటి ఖైదీలే కొందరు తిరగబడ్డారు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు గడిచాయి. చనిపోయినవాళ్లను అడగలేం కదా.

మన దీక్షను దానితో తూచడం లేదు. రోజులు లెక్కపెట్టుకునే పోటీ నాకు నచ్చదు. (58 రోజులు చేసి చనిపోయిన పొట్టి శ్రీరాములు గారి దీక్షనూ ఒక్కొక్కరు ఒక్కో రకంగా వాడుకోలేదా!) నా మటుకు నాకు గ్లాసు కంటే ఆ మర్నాడు ముఖ్యం. ఊరుకోని విద్యార్థులు లేకపోతే దీక్ష ఖమ్మంలోనే ముగిసేది. ఆయన మళ్లీ పూనుకోకపోతే ఢిల్లీ కదిలేది కాదు. నవంబర్ 29న ఎల్బీ నగర్‌లో ఆత్మాహుతికి పాల్పడి డిసెంబర్ 3న కన్నుమూసిన శ్రీకాంతాచారిని తలవకుండా ఏ కథా పూర్తి కాదు. రెండు పక్షాలకూ ఈ మాట రుచించదని తెలుసు.

నేనప్పుడు లండన్‌లో టీవీ ముందున్నాను, నా సాక్ష్యానికి విలువ లేదు. కానీ ఆనాడు క్యాంపస్‌లో, ఖమ్మంలో, నిమ్స్‌లో ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. డాక్టర్లు, నర్సులు, జైలు సిబ్బంది ఉన్నారు. వాళ్ల మాటలు పేరు, తేదీ, ఎక్కడ నిలబడి చూశారో సహా రికార్డు చేద్దాం. ఒకరి మాట ఇంకొకరికి కిట్టకపోయినా రెండూ ఉంచుదాం. ఈ హాల్లోనే ఆనాటి విద్యార్థులు ఇద్దరు ముగ్గురున్నారు. చాయ్ తాగాక వాళ్లతోనే మొదలుపెడదాం.